యాభై డాలర్ల నోటు మీదున్న గ్రాంట్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో ఉండే మనవాళ్ళ చేతిలో యాభై డాలర్ల నోటు ఎప్పుడో ఒకప్పుడు పడే ఉంటుంది. దాని మీద గడ్డంతో, కాస్త అలిసిపోయిన మొహంతో కనిపించే మనిషే యులిసెస్ గ్రాంట్. నేనుండేది సెయింట్ లూయిస్ దగ్గర, ఆయన కట్టెలు కొట్టుకుని బతికిన ఊరు ఇది, అందుకే ఇంటికి ఎవరొచ్చినా ఒకసారి ఆయన ఇల్లు చూపించడానికి తీసుకెళ్తా. దార్లో అందరూ అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. అవన్నీ ఒకచోట రాసి పెడదామని ఇది.

అసలు ఎవరీ గ్రాంట్, రెండు ముక్కల్లో చెప్పండి?

బానిసత్వం విషయంలో ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య 1861 నుంచి 1865 దాకా జరిగిన అమెరికా సివిల్ వార్‌లో ఉత్తరాది సైన్యాన్ని గెలిపించిన జనరల్, ఆ తర్వాత 1869 నుంచి 1877 దాకా రెండు సార్లు ప్రెసిడెంట్. ప్రెసిడెంట్ అయ్యే ముందు ఒక్క ఎన్నికలో కూడా నిలబడలేదు, వార్డు మెంబర్‌గా కూడా చెయ్యలేదు. అప్పటికి ఆయన వయసు 46, అప్పటిదాకా అమెరికాకి అంత చిన్న వయసు ప్రెసిడెంట్ ఎవరూ లేరు.

ఆయన పేరులో ఎస్ అంటే ఏంటి?

ఏమీ లేదు! నిజంగానే ఏమీ లేదు. 1822 ఏప్రిల్ 27న ఒహాయోలో పాయింట్ ప్లెజెంట్ అనే చిన్న ఊళ్ళో పుట్టినప్పుడు పెట్టిన పేరు హైరమ్ యులిసెస్ గ్రాంట్. 1839లో వెస్ట్ పాయింట్ మిలటరీ అకాడమీకి సిఫార్సు చేసిన కాంగ్రెస్ (అంటే అమెరికా పార్లమెంటు) సభ్యుడు థామస్ హేమర్ పొరపాటున యులిసెస్ ఎస్ గ్రాంట్ అని రాసి పంపాడు, అక్కడ రికార్డులో అదే ఎక్కింది, ఇక మార్చలేదు. టెన్త్ సర్టిఫికెట్‌లో పేరు తప్పుపడితే జీవితాంతం అదే పేరుతో బతికేసే మనకి ఇది బాగా అర్థమవుతుంది. యు ఎస్ అని చూసి తోటి కుర్రాళ్ళు అంకుల్ సామ్ అన్నారు, అది కాస్తా సామ్ అయింది, ఆర్మీలో పాత స్నేహితులకి ఆయన చివరిదాకా సామ్ గ్రాంటే.

చిన్నప్పటి నుంచే మిలటరీ పిచ్చి ఉండేదా?

అస్సలు లేదు. తండ్రి జెస్సీ గ్రాంట్‌కి తోళ్ళు పదును చేసే కార్ఖానా ఉండేది, ఆ వాసన, ఆ రక్తం పిల్లాడికి పడేది కాదు, పెద్దయ్యాక కూడా మాంసం బొగ్గులా మాడిపోయేదాకా వేయిస్తే గానీ తినేవాడు కాదు. వేల మంది చచ్చిపోయే యుద్ధాలు నడిపిన మనిషికి పళ్ళెంలో రక్తం కనబడితే కడుపులో తిప్పేదంటే మొదట నేనూ నమ్మలేదు. ఆయనకి ఇష్టమైనవి గుర్రాలు. ఎంత మొండి గుర్రమైనా ఆయన మాట వినేది.

గుర్రాల గురించి ఆయనే తన ఆత్మకథలో ఒక కథ చెప్పుకున్నాడు. ఎనిమిదేళ్ళప్పుడు ఊరికి కొన్ని మైళ్ళ దూరంలో ఉండే ఒకాయన దగ్గర ఒక గుర్రప్పిల్ల మీద మనసు పడ్డాడు. తండ్రి, ముందు 20 డాలర్లు అడుగు, ఒప్పుకోకపోతే ఇరవై రెండున్నర, అప్పటికీ కుదరకపోతే 25 ఇచ్చెయ్ అని చెప్పి పంపాడు. పిల్లాడు వెళ్ళి, మా నాన్న ముందు ఇరవై అడగమన్నాడు, కాదంటే ఇరవై రెండున్నర, అదీ కాదంటే ఇరవై అయిదు ఇమ్మన్నాడు అని ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఎంతకి కొన్నాడో మీకు అర్థమయ్యే ఉంటుంది. ఊళ్ళో పిల్లలు చాలా కాలం ఏడిపించారట. ఈ కథ గుర్తు పెట్టుకోండి, ఎదుటివాడు అబద్ధం చెప్తాడని ఊహించలేకపోవడం ఆయన్ని జీవితంలో మళ్ళీ మళ్ళీ ముంచింది.

మెక్సికో యుద్ధంలో కూడా ఉన్నాడా?

ఉన్నాడు. 1843లో వెస్ట్ పాయింట్‌లో 39 మందిలో 21వ వాడిగా పాసై, 1846లో మెక్సికో మీద యుద్ధానికి వెళ్ళాడు. అక్కడ ఆయనది సైన్యానికి తిండి, గుడారాలు, బండ్లు, కంచర గాడిదలు చూసుకునే క్వార్టర్‌మాస్టర్ పని, ఎవరికీ కనబడని పని, కానీ సైన్యం నడిచేది తూటాల మీద కాదు రొట్టెల మీద అని అక్కడే నేర్చుకున్నాడని నా నమ్మకం. తర్వాత ఆ యుద్ధం గురించి, బలమున్న దేశం బలహీనమైన దేశం మీద చేసిన అత్యంత అన్యాయమైన యుద్ధాల్లో అదొకటి అని రాశాడు. తన సొంత దేశం గెలిచిన, తను మెడల్ లాగా చెప్పుకోదగ్గ యుద్ధం గురించి ఒక జనరల్ అలా రాయడం మామూలు విషయం కాదు.

మధ్యలో ఆర్మీ వదిలేశాడంటారు, ఎందుకు? తాగుడు వల్లేనా?

ఇది అందరూ అడిగే ప్రశ్న. 1848లో జూలియా డెంట్‌ని పెళ్ళి చేసుకున్నాడు, ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం. 1852లో రెజిమెంట్‌ని పనామా మీదుగా పసిఫిక్ తీరానికి పంపారు, దారిలో కలరాతో చాలా మంది పోయారు, భార్య గర్భవతి, అందుకని ఇంటి దగ్గరే వదిలి వెళ్ళాల్సి వచ్చింది. అక్కడ జీతం చాలదు, చేసిన ప్రతి చిన్న వ్యాపారం మునిగింది, పుట్టిన రెండో కొడుకుని చూడనే లేదు. ఆ ఒంటరితనంలో తాగాడు, ఆయన ఒంటికి కొంచెం మందే ఎక్కువ. 1854లో కాలిఫోర్నియాలో ఫోర్ట్ హంబోల్ట్ నుంచి కెప్టెన్ హోదాలో రిజైన్ చేసి వచ్చేశాడు. తాగుడు మీద పై అధికారి బలవంతంగా రాజీనామా రాయించాడన్న మాట అప్పటి నుంచే నడుస్తోంది.

నా అభిప్రాయం అడిగితే, ఆయనకి తాగుడు సమస్య ఉంది, అది తనకి తెలుసు, జీవితమంతా దాంతో పోరాడాడు. భార్య పక్కన ఉన్నప్పుడు, చేతిలో పెద్ద పని ఉన్నప్పుడు ముట్టుకునేవాడు కాదు. యుద్ధంలో జాన్ రాలిన్స్ అనే స్టాఫ్ ఆఫీసర్ ఆయన్ని తాగకుండా కాపలా కాసినట్టే ఉండేవాడు. తాగి ఒక యుద్ధం ఓడిపోయాడని చూపించే ఆధారం లేదు. తాగుబోతు అన్న ఒక్క మాటతో మనిషి మొత్తాన్ని కొట్టిపారేయడం మన ఇళ్ళల్లో కూడా చూస్తుంటాం.

ఆ తర్వాత ఏడేళ్ళు ఏం చేశాడు?

ఓడిపోయాడు. వేరే మాట లేదు. మామగారు జూలియాకిచ్చిన పొలంలో సొంత చేతుల్తో దుంగల ఇల్లు కట్టుకుని దానికి హార్డ్‌స్క్రాబుల్ అని పేరు పెట్టుకున్నాడు, అంటే ఎంత గీకినా ఏమీ పుట్టని నేల అన్నట్టు. పంట పోయింది. కట్టెలు కొట్టి బండి మీద సెయింట్ లూయిస్ వీధుల్లో అమ్మాడు, పాత ఆర్మీ కోటు వేసుకుని. 1857 డిసెంబర్‌లో బంగారు గడియారం కుదువ పెట్టి 22 డాలర్లు తెచ్చాడు, క్రిస్మస్ రెండు రోజులుంది అప్పటికి. అద్దె వసూళ్ళ వ్యాపారం పెట్టాడు, అదీ పోయింది. 1860లో ఇల్లినాయ్‌లో గలీనా అనే ఊరికి వెళ్ళి తండ్రి తోళ్ళ షాపులో, తనకంటే చిన్నవాళ్ళయిన తమ్ముళ్ళ దగ్గర గుమాస్తాగా చేరాడు. చిన్నప్పుడు అసహ్యించుకున్న ఆ తోళ్ళ దగ్గరికే, 38 ఏళ్ళ వయసులో, నలుగురు పిల్లలతో.

ఆయనకి కూడా బానిసలు ఉండేవాళ్ళు అంటారు, నిజమేనా?

నిజం, దీన్ని దాచకూడదు. మామగారు బానిసల యజమాని, ఆ ఇంట్లో ఆ చాకిరీ మీదే బతుకు నడిచేది, గ్రాంట్ కుటుంబం కూడా ఆ చాకిరీతో సుఖపడింది. గ్రాంట్ పేరు మీద విలియం జోన్స్ అనే మనిషి ఉండేవాడు. 1859 మార్చిలో గ్రాంట్ కోర్టుకి వెళ్ళి తన చేత్తో కాగితం రాసి ఆయనకి విముక్తి ఇచ్చాడు. గడియారం కుదువ పెట్టుకున్న సంగతి ఇందాకే చెప్పా కదా, అప్పటి ధరల్లో ఆ మనిషిని అమ్మితే వందల డాలర్లు వచ్చేవి, కష్టాలన్నీ తీరేవి. అమ్మలేదు. దానికే ఆయన్ని మహాత్ముణ్ణి చెయ్యక్కర్లేదు, అసలు ఒక మనిషిని సొంతం చేసుకోవడమే తప్పు. కానీ ఆ రోజు ఆయన చేసింది ఏంటో, చెయ్యకుండా ఉండగలిగింది ఏంటో రెండూ చూడాలి.

మరి గుమాస్తా నుంచి జనరల్ ఎలా అయ్యాడు, అంత తొందరగా?

యుద్ధం వచ్చింది. 1861 ఏప్రిల్‌లో ఫోర్ట్ సమ్టర్ అనే కోట మీద దక్షిణాదివాళ్ళ కాల్పులతో మొదలు. వెస్ట్ పాయింట్‌లో చదివినవాళ్ళు దొరకడమే కష్టం, జూన్‌లో ఇల్లినాయ్ గవర్నర్ ఆయనకి 21వ ఇల్లినాయ్ రెజిమెంట్ అప్పగించాడు. ఎవరి మాటా వినని కుర్రాళ్ళు, వాళ్ళని దారిలో పెట్టాడు. గలీనా నుంచి కాంగ్రెస్‌కి వెళ్ళిన ఎలైహు వాష్‌బర్న్ లింకన్ దగ్గర ఈయన పేరు చెప్పి బ్రిగేడియర్ జనరల్ ఇప్పించాడు, రాజకీయ అండ లేకుండా పైకొచ్చాడని నేను చెప్పను.

మొదట్లో మిజోరీలో హారిస్ అనే శత్రు కర్నల్ మీదికి వెళ్తూ కొండ ఎక్కుతుంటే గుండె గొంతులోకి వచ్చిందట, వెనక్కి తిరగడానికి ధైర్యం చాలక ముందుకే నడిచాడట. తీరా చూస్తే శిబిరం ఖాళీ. నేను అతనికి ఎంత భయపడ్డానో అతనూ నాకు అంతే భయపడ్డాడు, ఈ కోణం అప్పటిదాకా నాకు తట్టలేదు, తర్వాతెప్పుడూ మర్చిపోలేదు అని రాసుకున్నాడు.

1862 ఫిబ్రవరిలో టెన్నెసీలో ఫోర్ట్ హెన్రీ, తర్వాత ఫోర్ట్ డోనెల్‌సన్ పట్టుకున్నాడు. డోనెల్‌సన్‌లో సంధి షరతులు అడిగితే, షరతుల్లేవు, వెంటనే లొంగిపోవాల్సిందే అని కబురు పెట్టాడు, దాంతో యు ఎస్ అంటే అన్‌కండిషనల్ సరెండర్ అని దేశమంతా మారుమోగింది. అక్కడ లొంగిపోయిన జనరల్ ఎవరో తెలుసా, సైమన్ బక్‌నర్, 1854లో చేతిలో పైసా లేకుండా న్యూయార్క్‌లో దిగినప్పుడు హోటల్ బిల్లు విషయంలో ఆదుకున్న పాత స్నేహితుడు. బక్‌నర్ పేరు మళ్ళీ వస్తుంది. ఆ గెలుపు తర్వాత పేపర్లో ఆయన సిగార్‌తో ఉన్నాడని రాస్తే జనం పెట్టెలకి పెట్టెలు సిగార్లు పంపారు, అప్పటిదాకా మామూలుగా పైపు తాగేవాడు కాస్తా రోజంతా సిగార్ మనిషి అయిపోయాడు. చివరికి ప్రాణం తీసింది అదే.

గ్రాంట్‌ని కసాయి అని ఎందుకంటారు?

షైలో వల్ల, 1864 వల్ల. 1862 ఏప్రిల్ 6న షైలో దగ్గర తెల్లారుతూనే శత్రువు మీద పడితే గ్రాంట్ సైన్యం సిద్ధంగా లేదు, అది ఆయన తప్పే. రెండో రోజు తిరగబడి గెలిచాడు కానీ రెండు పక్కలా కలిపి 23,000 మందికి పైగా చనిపోవడమో, గాయపడటమో, కనబడకుండా పోవడమో జరిగింది. దేశం వణికిపోయింది. 1864 మేలో వర్జీనియాలో దక్షిణాది సేనాని రాబర్ట్ లీ మీదికి వెళ్ళినప్పుడు వైల్డర్‌నెస్, స్పాట్సిల్వేనియా, కోల్డ్ హార్బర్, వరసగా నలభై రోజుల్లో ఉత్తరాది వైపు నష్టం 55,000 దాకా. జూన్ 3న కోల్డ్ హార్బర్‌లో చేయించిన ఆఖరి దాడికి ఎప్పటికీ బాధపడుతూనే ఉన్నానని ఆయనే ఒప్పుకున్నాడు.

కానీ కసాయి అనేవాళ్ళు విక్స్‌బర్గ్ చూడాలి. మిసిసిపీ నది మలుపులో గుట్ట మీద కోట లాంటి ఊరు, నెలల తరబడి ఎన్ని దార్లు ప్రయత్నించినా కుదరలేదు. 1863 ఏప్రిల్‌లో రాత్రిపూట పడవల్ని ఫిరంగుల కిందనుంచే దాటించి, సైన్యాన్ని అవతలి ఒడ్డున నడిపించి, ఊరికి దక్షిణంగా నది దాటి, సరఫరా లైను మీద ఆశ వదులుకుని ఊళ్ళ మీద దొరికిందే తింటూ, మే 1 నుంచి 17 లోపల అయిదు యుద్ధాలు గెలిచి వెనకనుంచి వచ్చి చుట్టుముట్టాడు. 47 రోజుల ముట్టడి తర్వాత జులై 4న దాదాపు 29,000 మంది లొంగిపోయారు. ప్రపంచంలో మిలటరీ స్కూళ్ళలో ఇప్పటికీ చదివే క్యాంపెయిన్ అది, కసాయి చేసే పని కాదు. మిసిసిపీ చేతికొచ్చేసరికి దక్షిణాది రెండు ముక్కలయింది.

ఈ యుద్ధానికీ మనకీ ఏమైనా సంబంధం ఉందా?

ఉంది, పత్తి. ఉత్తరాది నేవీ దక్షిణాది రేవుల్ని మూసేసేసరికి ఇంగ్లండ్ మిల్లులకి అమెరికా పత్తి ఆగిపోయి మన దేశపు పత్తికి గిరాకీ విపరీతంగా పెరిగింది, బొంబాయి వ్యాపారులు కుబేరులయ్యారు. 1865లో యుద్ధం అయిపోగానే ధర కూలి అదే బొంబాయిలో బ్యాంకులు, కంపెనీలు మూతపడ్డాయి. వర్జీనియాలో ఒక ఇంట్లో పెట్టిన సంతకం మన దేశంలో పత్తి రైతు దాకా తగిలిందన్నమాట.

ఆ సంతకం కథ చెప్పండి, లీ లొంగిపోయింది ఎలా?

1865 ఏప్రిల్ 9, వర్జీనియాలో అపోమాటక్స్ కోర్ట్‌హౌస్ అనే పల్లె, విల్మర్ మెక్లీన్ అనే ఆయన ఇంటి ముందు గది. విచిత్రం ఏంటంటే 1861లో మొదటి పెద్ద యుద్ధం జరిగింది ఇదే మెక్లీన్ పాత పొలం దగ్గర, ఆ గోల భరించలేక దూరంగా ఇక్కడికి వచ్చి స్థిరపడితే యుద్ధం ముగింపు కూడా ఆయన ఇంట్లోకే వచ్చి కూర్చుంది.

58 ఏళ్ళ లీ కొత్త యూనిఫామ్, నడుముకి కత్తితో వచ్చాడు. 42 ఏళ్ళ గ్రాంట్ బురద బూట్లతో, మామూలు సిపాయి కోటు మీద హోదా పట్టీలు కుట్టుకుని వచ్చాడు. షరతులు ఆయనే రాశాడు: ఆయుధాలు ఇచ్చి ఇళ్ళకి వెళ్ళిపోండి, మళ్ళీ తిరగబడనంత కాలం మిమ్మల్ని ఎవరూ ఏమీ చెయ్యరు. గుర్రాలు, కంచర గాడిదలు సొంతవైతే తీసుకెళ్ళి పంట వేసుకోమన్నాడు, పొలం పోగొట్టుకున్న మనిషికి అది తట్టింది చూడండి. ఆకలితో ఉన్న లీ సైన్యానికి 25,000 మందికి తిండి పంపాడు. ఆ కాగితానికి శుభ్రమైన కాపీ రాసింది ఎలీ పార్కర్, సెనెకా తెగకి చెందిన స్థానిక అమెరికన్, గ్రాంట్ స్టాఫ్ ఆఫీసర్. బయట తన సైనికులు సంబరంగా తుపాకులు పేలుస్తుంటే ఆపించాడు, నిన్నటి శత్రువులు ఇక మనవాళ్ళే అని.

అయిదు రోజులకి లింకన్ ఫోర్డ్స్ థియేటర్‌కి రమ్మని గ్రాంట్ దంపతుల్ని పిలిచాడు, వాళ్ళు పిల్లల్ని చూడాలని రాలేమని చెప్పి రైలెక్కారు. ఆ రాత్రే లింకన్‌ని కాల్చారు. తర్వాత లీ మీద దేశద్రోహం కేసు పెట్టి అరెస్ట్ చెయ్యాలని చూస్తే, నేను మాటిచ్చా, మాట తప్పేలా చేస్తే రాజీనామా చేస్తా అని గ్రాంట్ అడ్డం పడ్డాడు.

యూదుల్ని వెళ్ళగొట్టాడు అని విన్నాను?

అవును. 1862 డిసెంబర్ 17న జనరల్ ఆర్డర్స్ నంబర్ 11 అని, తన సైనిక ప్రాంతం నుంచి యూదులందర్నీ పంపేయమని ఉత్తర్వు ఇచ్చాడు. పత్తి దొంగ వ్యాపారం మీద కోపం, సొంత తండ్రి కూడా యూదు వ్యాపారులతో కలిసి ఆ పత్తి పర్మిట్ల కోసం వచ్చాడన్న అవమానం, అన్నీ ఒక జాతి మీద పడ్డాయి. లింకన్ కొన్ని వారాల్లోనే రద్దు చేశాడు. సమర్థించుకోడానికి ఏమీ లేదు, ఆయన కూడా ఆ తర్వాత సమర్థించుకోలేదు. ప్రెసిడెంట్ అయ్యాక చాలా మంది యూదులకి పదవులిచ్చాడు, 1876లో వాషింగ్టన్‌లో ఒక కొత్త సినగాగ్ (యూదుల ప్రార్థనామందిరం) ప్రారంభానికి స్వయంగా వెళ్ళి కూర్చున్నాడు. ఉత్తర్వు ఇచ్చినందుకు మచ్చ మచ్చే.

రాజకీయాల్లోకి ఎందుకొచ్చాడు? హాయిగా జనరల్‌గా ఉండొచ్చుగా?

లింకన్ తర్వాత వచ్చిన ఆండ్రూ జాన్సన్, దక్షిణాదిలో పాత యజమానుల్నే మళ్ళీ కుర్చీల్లో కూర్చోబెట్టాడు. నల్లజాతి వాళ్ళని చంపుతున్నారు, మెంఫిస్‌లో, న్యూ ఆర్లీన్స్‌లో 1866లో ఊచకోతలు జరిగాయి, ఆ రిపోర్టులు సైన్యాధిపతిగా గ్రాంట్ బల్ల మీదికే వచ్చేవి. దాదాపు 1,80,000 మంది నల్లజాతి సైనికులు ఉత్తరాది సైన్యంలో పనిచేశారు. 1864లో ఖైదీల మార్పిడి మాట వచ్చినప్పుడు, మా నల్ల సైనికుల్ని కూడా తెల్లవాళ్ళతో సమానంగా ఇస్తేనే మార్పిడి అని పట్టుబట్టిన మనిషి ఈయన. గెలిచిన యుద్ధం కళ్ళముందే ఓడిపోతుంటే చూస్తూ కూర్చోలేకే వచ్చాడని నేననుకుంటా. 1868లో రిపబ్లికన్ పార్టీ నామినేషన్ ఒప్పుకుంటూ రాసిన ఉత్తరంలో చివరి మాట, శాంతిగా ఉందాం అని, అదే ఎన్నికల నినాదం అయింది. ఎలక్టోరల్ ఓట్లు 214కి 80, కానీ జనం ఓట్లలో తేడా మూడు లక్షలే, దక్షిణాదిలో మొదటిసారి ఓటేసిన లక్షల మంది నల్లజాతి మగవాళ్ళ ఓట్లు ఎంత విలువైనవో ఆలోచించండి.

ప్రెసిడెంట్‌గా ఆయన చేసిన ఒక్క మంచి పని చెప్పమంటే?

కు క్లక్స్ క్లాన్ అనే తెల్లజాతి ముఠాని విరగ్గొట్టడం. మీరు ఈ పేజీలో ఒక్క జవాబే చదువుతానంటే ఇది చదవండి.

జాతి, రంగు చూసి ఓటు హక్కు కాదనకూడదనే 15వ రాజ్యాంగ సవరణ 1870లో వచ్చింది, గ్రాంట్ దాన్ని దేశం పుట్టిన తర్వాత జరిగిన అతి పెద్ద సంఘటనగా చెప్పుకున్నాడు. అదే ఏడు హైరమ్ రెవెల్స్ మొదటి నల్లజాతి సెనేటర్, జోసెఫ్ రెయినీ దిగువ సభలో మొదటి నల్లజాతి సభ్యుడు అయ్యారు. అది కొందరికి కంటగింపు. కు క్లక్స్ క్లాన్ ముసుగులు వేసుకుని రాత్రుళ్ళు ఇళ్ళ మీద పడి, ఓటేసిన వాళ్ళని, బడి చెప్పిన పంతుళ్ళని, ఎవరికీ లొంగని ఆడవాళ్ళని కొరడాలతో కొట్టి, ఉరితీసి, ఇళ్ళు తగలబెట్టేది. లోకల్ షెరిఫ్ వాళ్ళవాడే, జ్యూరీ వాళ్ళవాళ్ళే, సాక్షి నోరు తెరిస్తే మర్నాటికి బతికుండడు. మన దగ్గర పల్లెల్లో దళితుల మీద దాడి జరిగితే కేసు ఎలా నడుస్తుందో చూసినవాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

1870లో కేంద్రంలో జస్టిస్ డిపార్ట్‌మెంట్ అనేదే కొత్తగా పెట్టారు. 1871 ఏప్రిల్‌లో క్లాన్ చట్టం మీద గ్రాంట్ సంతకం చేశాడు, దాని కోసం తనే కాంగ్రెస్ భవనం కాపిటల్‌కి వెళ్ళి కాంగ్రెస్ వాళ్ళతో మాట్లాడాడు. అక్టోబర్‌లో సౌత్ కరోలినాలో తొమ్మిది కౌంటీల్లో హెబియస్ కార్పస్ (పట్టుకున్నవాణ్ణి కోర్టు ముందు పెట్టాలన్న హక్కు) ఆపేసి సైన్యాన్ని దింపాడు. అటార్నీ జనరల్ ఏమస్ ఆకర్‌మన్, ఒకప్పుడు దక్షిణాది సైన్యంలో పనిచేసిన మనిషే, ఊరూరా కేసులు పెట్టించాడు. వందల మందిని పట్టుకున్నారు, వేల మంది పారిపోవడమో ఒప్పేసుకోవడమో జరిగింది. 1872 ఎన్నికల నాటికి ఆ క్లాన్ నడుం విరిగింది. నల్లజాతి జ్యూరీ సభ్యుల ముందు క్లాన్ వాళ్ళు బోనులో నిలబడ్డారు, ఆ దృశ్యం తర్వాత దక్షిణాదిలో మళ్ళీ చూడ్డానికి దాదాపు వందేళ్ళు పట్టింది.

మరి ఎందుకు నిలబడలేదు అదంతా?

చాలా కారణాలున్నాయి, కొన్ని ఆయనవీ. 1873లో బ్యాంకులు కూలి పెద్ద ఆర్థిక మాంద్యం వచ్చింది, ఉత్తరాది జనానికి దక్షిణాది గోడు విసుగొచ్చింది. అదే ఏడు ఈస్టర్ రోజున లూయిసియానాలో కోల్‌ఫ్యాక్స్ దగ్గర పదుల సంఖ్యలో నల్లజాతి వాళ్ళని, చాలామందిని లొంగిపోయిన తర్వాత, చంపారు. పెట్టిన కేసుల్ని 1876లో సుప్రీంకోర్టు కొట్టేసింది, చంపింది ప్రైవేటు మనుషులు కాబట్టి కేంద్రానికి సంబంధం లేదన్నట్టుగా. 1875లో మిసిసిపీ గవర్నర్ ఏడెల్బర్ట్ ఏమ్స్ సైన్యం పంపమని బతిమాలితే గ్రాంట్ వెంటనే పంపలేదు, పంపితే ఒహాయో ఎన్నికల్లో పార్టీ ఓడిపోతుందని పార్టీవాళ్ళు చెప్పారని మిసిసిపీ నల్లజాతి కాంగ్రెస్ సభ్యుడు జాన్ లించ్ తర్వాత రాశాడు, అది తప్పయిందని గ్రాంట్ తనతో ఒప్పుకున్నాడట. ఒహాయో గెలిచారు. మిసిసిపీ పోయింది. గ్రాంట్ మీద నాకున్న అతి పెద్ద కోపం ఇదే.

అవినీతి సంగతి? పాఠాల్లో అదే ముందు ఉంటుంది.

ఆయన జేబులోకి వెళ్ళలేదు, ఆయన చుట్టూ ఉన్నవాళ్ళ జేబుల్లోకి వెళ్ళింది. 1869లో గౌల్డ్, ఫిస్క్ అనే ఇద్దరు ఆయన బావమరిదిని అంటే చెల్లెలి మొగుణ్ణి పట్టుకుని బంగారం మార్కెట్ మొత్తం గుప్పిట్లో పెట్టుకోబోతే, సెప్టెంబర్ 24న ప్రభుత్వ బంగారం అమ్మించి ఆట కట్టించాడు. 1875లో విస్కీ రింగ్ బయటపడింది, సారా మీద కట్టాల్సిన పన్ను అధికారులు, డిస్టిలరీల వాళ్ళు కలిసి మింగేశారు. తప్పు చేసినవాడెవడూ తప్పించుకోకూడదు అని మొదట తనే రాశాడు, వందమందికి పైగా శిక్షలు పడ్డాయి, కానీ వేలు తన సొంత సెక్రటరీ బాబ్‌కాక్ వైపు చూపించేసరికి అతని మంచితనానికి తనే వాంగ్మూలం ఇచ్చి బయటపడేశాడు. యుద్ధమంత్రి బెల్‌నాప్ 1876లో లంచం కేసులో దొరికి అభిశంసనకి కాస్త ముందు రాజీనామా పట్టుకొస్తే అక్కడికక్కడే ఒప్పేసుకున్నాడు. గుర్రప్పిల్ల బేరం గుర్తుందా? నమ్మినవాడు మోసం చేస్తాడని ఆయన బుర్రకి ఎక్కేది కాదు, ప్రెసిడెంట్‌కి అది చిన్న లోపం కాదు. చివరి సందేశంలో, రాజకీయ అనుభవం లేకుండా ఈ కుర్చీలోకి వచ్చా, జరిగినవి తీర్పులో తప్పులే గానీ ఉద్దేశంలో కాదు అని కాంగ్రెస్‌కి రాశాడు.

స్థానిక అమెరికన్ల విషయంలో?

మంచి మాటతో మొదలై చెడ్డగా ముగిసింది. ఎలీ పార్కర్‌ని ఇండియన్ (అంటే స్థానిక అమెరికన్ల) వ్యవహారాల కమిషనర్‌గా పెట్టాడు, ఆ పదవిలో మొదటి స్థానిక అమెరికన్ ఆయనే. కానీ లకోటా తెగవాళ్ళ బ్లాక్ హిల్స్ కొండల్లో బంగారం దొరికాక, ఆ నేల వాళ్ళదే అన్న 1868 ఒప్పందాన్ని పక్కన పెట్టి గనుల వాళ్ళని ఆపడం మానేసింది గ్రాంట్ ప్రభుత్వమే, దాని ఫలితమే 1876లో లకోటాల మీద యుద్ధం, అందులోదే లిటిల్ బిగ్‌హార్న్ పోరు. మెక్సికో యుద్ధం అన్యాయం అని చెప్పగలిగిన మనిషి ఇది చెయ్యడం నాకు ఎంత చదివినా మింగుడు పడదు.

ఇండియా వచ్చాడా నిజంగా?

వచ్చాడు. పదవి దిగాక 1877 మేలో భార్యతో ప్రపంచయాత్రకి బయల్దేరి రెండేళ్ళకి పైగా తిరిగాడు, విక్టోరియా రాణి, బిస్మార్క్, చైనాలో లీ హుంగ్‌చాంగ్, జపాన్ చక్రవర్తి, అందర్నీ కలిశాడు. 1879 మొదట్లో బొంబాయిలో దిగి జైపూర్, ఆగ్రా, ఢిల్లీ చూసి, కలకత్తా వెళ్ళి, అక్కణ్ణుంచి బర్మా వైపు వెళ్ళిపోయాడు. తిరిగొచ్చాక 1880లో మూడోసారి నామినేషన్‌కి ప్రయత్నించారు, 36 రౌండ్ల ఓటింగ్ జరిగినా 306 మంది పార్టీ ప్రతినిధులు ఆయన్ని వదల్లేదు, అయినా చాలలేదు, గార్‌ఫీల్డ్‌కి దక్కింది.

చివరి రోజుల్లో డబ్బు లేకుండా పోయిందట?

కొడుకు పార్ట్‌నర్‌గా ఉన్న గ్రాంట్ అండ్ వార్డ్ అనే కంపెనీలో ఉన్నదంతా పెట్టాడు. ఫెర్డినాండ్ వార్డ్ అనే కుర్రాడు కొత్తగా వచ్చినవాళ్ళ డబ్బు పాతవాళ్ళకి లాభంగా ఇస్తూ నడిపి, 1884 మేలో బోర్డు తిప్పేశాడు. దానికి రెండు రోజుల ముందే వార్డ్ మాట నమ్మి గ్రాంట్ స్వయంగా కోటీశ్వరుడు వాండర్‌బిల్ట్ దగ్గర 1,50,000 డాలర్లు అప్పు తెచ్చి అందులో పోశాడు. తెల్లారేసరికి చేతిలో మిగిలింది 80 డాలర్లు. వాండర్‌బిల్ట్ అప్పు వదిలేస్తానన్నా ఒప్పుకోకుండా ఇల్లు, యుద్ధంలో వచ్చిన కత్తులు, మెడల్స్ అన్నీ రాసిచ్చాడు.

ఆ వేసవిలోనే ఒక పీచ్ పండు కొరికితే గొంతులో నిప్పు పెట్టినట్టయింది. క్యాన్సర్. తను పోతే జూలియాకి ఏమీ మిగలదని ఆత్మకథ రాయడం మొదలుపెట్టాడు. మార్క్ ట్వెయిన్ తన పబ్లిషింగ్ కంపెనీ తరఫున వచ్చి లాభంలో 70 శాతం ఇస్తానన్నాడు. ఒక ఏడాది లోపల రెండు పెద్ద వాల్యూములు, మింగలేక, పడుకోలేక, కుర్చీలోనే శాలువా కప్పుకుని. గొంతు పోయాక చీటీల మీద రాసేవాడు. డాక్టర్‌కి రాసిన ఒక చీటీలో, నేను సర్వనామాన్ని కాదు, ఒక క్రియాపదాన్ని అనిపిస్తోంది, క్రియ అంటే ఉండటం, చెయ్యడం, బాధపడటం, నేను మూడూ అని రాశాడు. 1885 జులైలో న్యూయార్క్ రాష్ట్రంలో మౌంట్ మెక్‌గ్రెగర్ మీద పుస్తకం పని ముగించాడు, కొద్ది రోజులకే జులై 23న పోయాడు, 63 ఏళ్ళు. జూలియాకి దాదాపు 4,50,000 డాలర్లు వచ్చాయి.

పోయే ముందు ఆ కొండ మీదికి చూడ్డానికి వచ్చినవాళ్ళలో సైమన్ బక్‌నర్ ఒకడు. ఆగస్టు 8న న్యూయార్క్ అంత్యక్రియల్లో శవపేటికకి అటూ ఇటూ నడిచినవాళ్ళలో ఉత్తరాది జనరల్స్ షెర్మన్, షెరిడన్, దక్షిణాది జనరల్స్ జోసెఫ్ జాన్‌స్టన్, బక్‌నర్ కూడా ఉన్నారు. పది లక్షల పైన జనం వచ్చారు.

చూడాలంటే ఎక్కడికి వెళ్ళాలి?

సెయింట్ లూయిస్ వైపు వస్తే వైట్ హేవెన్, జూలియా పుట్టింటి ఇల్లు, ఆకుపచ్చ రంగు వేసి ఉంటుంది, అక్కడ బానిసలుగా బతికినవాళ్ళ గురించి కూడా దాచకుండా చెప్తారు, అది నాకు నచ్చింది. టైముంటే గలీనా, విక్స్‌బర్గ్, అపోమాటక్స్. న్యూయార్క్‌లో ఉన్నవాళ్ళయితే రివర్‌సైడ్ డ్రైవ్ మీద ఆయన సమాధి, 1897 ఏప్రిల్ 27న, బతికుంటే ఆయన 75వ పుట్టినరోజున తెరిచారు. సైనికుడిగా వెస్ట్ పాయింట్‌లో చోటు దొరికేదే, కానీ అక్కడ పక్కన భార్యని పెట్టనివ్వరని ఆయన వద్దనుకున్నాడు. లోపలికెళ్ళి పైనుంచి కిందకి చూస్తే ఎర్ర రాతి పేటికలు రెండు కనిపిస్తాయి, ఒకే సైజు, పక్కపక్కనే. రెండోది 1902లో వచ్చి చేరిన జూలియాది.